కొండెక్కినా, ఏట్లో దిగినా: దారి ఎలా ఎంచుకోవాలి

తిరుమలకి నడిచి వెళ్ళడానికి రెండు దారులున్నాయని మనందరికీ తెలుసు. అలిపిరి నుంచి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు వైపు నుంచి 2.1 కిలోమీటర్లు, 2,388 మెట్లు. మా పిన్నికి నడిచి కొండెక్కాలన్న మొక్కు చాలా ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది, ఒకసారి అందరం కలిసి తీసుకెళ్ళినప్పుడు ఏ దారి అన్న ప్రశ్న వస్తే నేనే ముందుకొచ్చి "శ్రీవారి మెట్టు నుంచి వెళ్దాం పిన్నీ, రెండు కిలోమీటర్లే, గంటలో పైనుంటాం" అన్నాను. సగం కూడా ఎక్కకముందే ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయి, మోకాలు రెండు చేతులా పట్టుకుని, "ఇదేందిరా, ఎక్కడా చదునే లేదు, నిలబడి ఊపిరి తీసుకునే చోటే లేదు" అంది.

ఆవిడన్నది అక్షరాలా నిజం. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఒళ్ళు హూనమయ్యేలా ఎక్కుతాం కానీ ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదునే, జింకల పార్కు పక్కగా మామూలుగా నడుచుకుంటూ పోతాం, కాళ్ళు తేరుకుంటాయి, మళ్ళీ మోకాళ్ళ పర్వతం దగ్గరే అసలు ఎక్కుడు. శ్రీవారి మెట్టులో ఆ తేరుకునే భాగం దాదాపు లేదు. పిన్నికి దూరం నడిచే ఓపిక ఉంది, రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి, లేనిది మోకాళ్ళ బలం. నేను చూడాల్సింది ఆవిడ మోకాళ్ళని, చూసింది కిలోమీటర్లని.

కొండలకీ అడవులకీ నదులకీ వెళ్ళే మనవాళ్ళ సంఖ్య ఇప్పుడు బాగా పెరిగింది, అది నాకు నిజంగా సంతోషం. కానీ వెళ్ళే ముందు అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎన్ని కిలోమీటర్లు, ఈజీనా మోడరేటా? ఈ ప్రశ్నకి వచ్చే జవాబులో మనకి కావలసింది సగం కూడా ఉండదు.

ముందు కిలోమీటర్ల సంగతి తేల్చేద్దాం. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక చిన్న లెక్క చెప్పాడు, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ప్రతి 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, దానికి తోడు ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకి ఇంకో గంట. మన తిరుమల దారుల మీద వేసి చూడండి. మెట్టు అరడుగు ఎత్తు అనుకుంటే శ్రీవారి మెట్టులో ఎక్కేది సుమారు 1,200 అడుగులు. నడకకి 25 నిమిషాలు, ఎక్కడానికి 36 నిమిషాలు, అంటే మొత్తం గంటలో సగానికి పైగా ఎక్కడానికే పోతోంది. అలిపిరిలో నడకకి గంటా నలభై ఎనిమిది నిమిషాలు, ఎక్కడానికి 53 నిమిషాలు, అంటే మూడో వంతే. ఒక్కో కిలోమీటరుకి ఎంత ఎక్కుతున్నాం అని చూస్తే శ్రీవారి మెట్టు అలిపిరికి దాదాపు మూడు రెట్లు నిటారు. మా పిన్ని మెట్టు మీద కూర్చుని చెప్పింది ఈ లెక్కే.

నైస్మిత్ లెక్క దారుఢ్యం ఉన్న మనిషికి, ఆగకుండా నడిస్తే. మామూలు మనుషులం, మధ్యలో నీళ్ళు తాగుతాం, ఫొటోలు దిగుతాం, ఎవరో ఒకరికి షూ కరుస్తుంది. నేనైతే వచ్చిన అంకెని ఒకటిన్నరతో గుణిస్తాను, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే రెండుతో. దిగేటప్పుడు తొందరగా వచ్చేస్తాం అనుకోవద్దు, రాళ్ళ దారిలో దిగడానికి దాదాపు ఎక్కినంత సేపూ పడుతుంది, మోకాళ్ళు నొప్పెట్టేది కూడా దిగేటప్పుడే.

ఎంత ఎక్కాలో ముందే ఎలా తెలుస్తుందంటే, మ్యాపులో కాంటూర్ గీతలు చూడాలి. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసిన గీత అది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 మ్యాపుల్లో మామూలుగా ఒక గీతకీ పక్క గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది, అక్కడ ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. మీ దారి పైకి ఎక్కుతూ ఆ గీతల్ని ఎన్నిసార్లు కోసుకుంటూ పోతోందో లెక్కపెట్టి ఇరవైతో గుణిస్తే ఎంత ఎక్కాలో వచ్చేస్తుంది. గీతలు దూరం దూరంగా ఉంటే చదును, ఒకదాని మీద ఒకటి పడినట్టుంటే గోడ. ఫోన్లో గూగుల్ మ్యాప్‌లో టెర్రైన్ పెట్టుకున్నా ఇవి కనిపిస్తాయి. ఒక ఆదివారం సాయంత్రం మీకు బాగా తెలిసిన కొండ ఒకటి తీసుకుని ఆ గీతల మీద వేలు పెట్టి నడిచి చూడండి, ఒక్కసారికే అలవాటైపోతుంది.

ఇక ఈజీ, మోడరేట్, డిఫికల్ట్. ఈ మాటలు పెట్టేది ట్రెక్‌కి తీసుకెళ్ళేవాళ్ళు, ఒక్కొక్కరి కొలత ఒక్కోలా ఉంటుంది. ఆ ఒక్క మాటలో నాలుగు వేరువేరు విషయాలు కలిపి చుట్టేస్తారు. ఒళ్ళు ఎంత అలుస్తుంది, కాలు పెట్టే నేల ఎలాంటిది, జారితే ఏమవుతుంది, ఏదైనా అయితే బయటపడడానికి ఎంతసేపు పడుతుంది. మొదటిది మనం ఇంట్లో ఉండి ప్రాక్టీస్ చేసుకోవచ్చు. రెండోది నేర్చుకుంటే వస్తుంది. మూడూ నాలుగూ మన చేతిలో లేవు, అవి దారికి పుట్టుకతో వచ్చిన గుణాలు. ఈ రెండిటి గురించి మనవాళ్ళు అడగనే అడగరు, అందుకే ఇంత రాస్తున్నాను.

అహోబిలంలో జరిగింది చెప్తాను. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుడి దాకా దారి భవనాశిని వాగు పట్టుకునే పోతుంది, అక్కడి నుంచి ఉగ్రస్తంభం పైకి ఎక్కాలి. కిలోమీటర్లు లెక్కేస్తే ఏమంత లేదు, నెట్‌లో చాలామంది మోడరేట్ అని రాస్తారు. అక్టోబరులో వెళ్ళాం, నేనూ మా బావా ఇంకో ఇద్దరు స్నేహితులూ. మాతో ఒక చెంచు అన్న దారి చూపించడానికి వచ్చాడు. జ్వాల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది, ఎండ బాగానే ఉంది, కానీ ఆయన మాత్రం ఎదురుగా ఉన్న కొండని వదిలేసి వెనకవైపు, వాగు పుట్టే దిక్కుకే చూస్తున్నాడు.

"సార్, ఇంక పైకి వద్దు. దిగుదాం."

మా బావ ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చాం కదన్నా, అరగంటలో వెళ్ళొచ్చేస్తాం."

"ఎక్కేది అరగంటే సార్. వాగొస్తే దిగేది రేపే."

దిగాం. మా తల మీద అప్పటికి ఒక్క చుక్క కూడా పడలేదు. పొద్దున షూ తడవకుండా రాయి మీద రాయి వేసుకుంటూ దాటిన చోట, మేం వచ్చేసరికి ఎర్రటి నీళ్ళు మోకాలి దాకా తోసుకొస్తున్నాయి, చేతులు పట్టుకుని ఒక్కొక్కరం దాటాం. ఇంకో గంట ఆలస్యమైతే దాటేవాళ్ళం కాదు. వాగుకి మన నెత్తిన వాన పడక్కర్లేదు, దాని పైభాగంలో ఎక్కడ పడినా కిందికి వచ్చేస్తుంది.

సరిగ్గా ఇలాంటిదే పెద్ద ఎత్తున 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపురం మండలంలో జరిగింది. ముత్యంధార జలపాతం చూడడానికి వెళ్ళిన 80 మంది దాకా తిరిగొచ్చే దారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలోనే ఉండిపోయారు, విపత్తుల్లో మనుషుల్ని కాపాడే ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు వెళ్ళి బయటికి తీసుకురావాల్సి వచ్చింది. వాళ్ళు కష్టమైన దారి ఏదీ ఎక్కలేదు. వెళ్ళేటప్పుడు దాటిన వాగే వచ్చేటప్పుడు మూసేసింది. జలపాతం చూడ్డానికి బాగుండేది వానాకాలంలోనే, దారి మూసుకుపోయేదీ అప్పుడే. అందుకే ఏ జలపాతానికి వెళ్ళాలనుకున్నా నేను మ్యాపులో మొదట వెతికేది జలపాతం ఎంత ఎత్తు అని కాదు, దారి నీటిని ఎన్నిసార్లు దాటుతోంది, దాటే చోట వంతెన ఉందా అని. వంతెన లేని దాట్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే, వాన ఆగి రెండు మూడు రోజులయ్యాక వెళ్తాను. నీళ్ళు అప్పటికీ ఉంటాయి.

దారి ఆకారం

ఒక దారి ఎంత ప్రమాదమో దాని ఆకారం చాలావరకు చెప్తుంది. శిఖరం దాకా వెళ్ళి అదే దారిలో తిరిగి వచ్చేది ఒక రకం. ఇందులో ఏ క్షణంలో అయినా వెనక్కి తిరగొచ్చు, తిరిగే దారి అప్పటికే చూసి ఉన్నాం, ఎక్కడ జారుతుందో తెలుసు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు. చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేది ఇంకో రకం, సగం దాటాక ముందుకి పోవడమే దగ్గర, కానీ ఆ ముందున్నది మనకి తెలియని దారి. మూడోది కనుమ దాటి అవతలి లోయలోకి దిగేది.

హిమాచల్‌లో హంప్టా పాస్ ఈ మూడో రకం. మన హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ కుర్రాళ్ళు చాలామంది మొదటి ట్రెక్‌గానే వెళ్ళిపోతున్నారు, ఎందుకంటే నాలుగైదు రోజుల్లో అయిపోతుంది, కులు వైపు అంతా పచ్చగా ఉండి కనుమ దాటగానే లాహౌల్ వైపు రాళ్ళ ఎడారి మొదలవుతుంది, ఆ మార్పు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు, ఒప్పుకుంటాను. కానీ కనుమ 14,000 అడుగుల పైన ఉంది. దాటే రోజు పైకి వెళ్ళాక ఎవరికైనా తల తిరిగితే వెనక్కి పోవడమూ కష్టమే, ముందుకి దిగడమూ కష్టమే. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కాంత అయితే 12,500 అడుగుల శిఖరం, సాంక్రీ ఊరి నుంచి ఎక్కి మళ్ళీ సాంక్రీకే దిగుతాం. ఒంట్లో బాగాలేని మనిషి క్యాంపులోనే ఉండిపోవచ్చు, ఒక గైడుని తోడిచ్చి కిందికి పంపించొచ్చు. మొదటిసారి హిమాలయాలకి వెళ్ళేవాళ్ళు నన్నడిగితే కేదార్‌కాంత అనే చెప్తాను, హంప్టా రెండోసారికి ఉంచుకోమంటాను.

వెనక్కి తిరగడానికి చోటు తెలిస్తే చాలదు, టైమ్ కూడా ముందే అనుకోవాలి. హిమాలయాల్లో మధ్యాహ్నం దాటాక మబ్బులు కమ్ముకోవడం మామూలే, అందుకే శిఖరానికి బయల్దేరేది తెల్లవారుజామున రెండు, మూడు గంటలకి. పదకొండింటికి ఎక్కడుంటే అక్కడి నుంచి తిరిగిపోవాలి అని కిందే అనుకుంటే, పైన శిఖరం కళ్ళెదురుగా కనిపిస్తున్నప్పుడు వాదించుకునే పని ఉండదు. 2024 జూన్ మొదట్లో ఉత్తరకాశీ వైపు సహస్ర తాల్ ట్రెక్‌కి కర్ణాటక నుంచి వెళ్ళిన 22 మంది బృందం మంచు తుఫానులో చిక్కుకుంది, 9 మంది చనిపోయారు. నడి వేసవి. అందులో అనుభవం ఉన్నవాళ్ళూ ఉన్నారు. జూన్ అంటే మనకి రోహిణి కార్తె ఎండలు, 4,000 మీటర్ల పైన మాత్రం జూన్‌లోనూ మంచు పడుతుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకీ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, తడిసిన బట్టలకి గాలి తగిలితే మనిషి గడ్డకట్టడానికి ఎంతోసేపు పట్టదు.

మల్లి మస్తాన్ బాబుని తల్చుకోకుండా ఈ మాట ముగించలేను. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం అనే చిన్న ఊరి నుంచి వచ్చి, 2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ అక్కడే ప్రాణం విడిచాడు. అంతటివాడికే వాతావరణం లొంగలేదంటే, ఏడాదికోసారి సెలవు పెట్టుకుని వెళ్ళే మనం వెనక్కి తిరగడానికి సిగ్గుపడాల్సిన పనేముంది?

ఎత్తు అనే వేరే లెక్క

తూర్పు కనుమల్లో తిరిగినంత కాలం ఈ బెంగ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన జిందగడ కొండ 1,690 మీటర్లు, ఆ ఎత్తులో గాలి పల్చబడి ఎవరూ జబ్బు పడరు. హిమాలయాలకి వెళ్ళినప్పుడే లెక్క మారిపోతుంది. 3,500 మీటర్ల దగ్గర మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే అందుతుంది, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దగ్గర సగమే. శరీరం దీనికి అలవాటు పడుతుంది, కానీ రోజులు తీసుకుంటుంది, తొందరపెడితే ఊరుకోదు. జిమ్ చేసేవాళ్ళకీ మారథాన్ పరిగెత్తేవాళ్ళకీ ఇందులో మినహాయింపేమీ లేదు, పైగా ఓపిక ఉంది కదా అని గబగబా ఎక్కేసి వాళ్ళే ముందు పడిపోతుంటారు.

పర్వత వైద్యులు చెప్పే పద్ధతి ఏంటంటే, 3,000 మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న ఎత్తుకీ రేపు రాత్రి పడుకునే ఎత్తుకీ తేడా 500 మీటర్లు మించకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగాలి. పగలు ఎంత ఎక్కారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. ఏ ట్రెక్ అయినా ఎంచుకునే ముందు ప్లాన్ తీసుకుని ప్రతి క్యాంపు పక్కనా దాని ఎత్తు రాసుకోండి. కేదార్‌కాంతలో సాంక్రీ సుమారు 1,950 మీటర్లు, జూడా కా తాలాబ్ 2,770, బేస్ క్యాంప్ 3,430, శిఖరం 3,800. బేస్ క్యాంప్‌కి ఒకే రోజు 660 మీటర్లు పెరుగుతోంది, కొంచెం ఎక్కువే, కాకపోతే 3,000 పైన పడుకునే రాత్రులు తక్కువ, శిఖరం ఎక్కిన వెంటనే దిగిపోతాం, అందుకే చాలామందికి సరిపోతోంది. జూడా కా తాలాబ్ దగ్గర ఇంకో రాత్రి ఆపే ప్లాన్ దొరికితే, డబ్బులు కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

లేహ్ వెళ్ళే బైకు కుర్రాళ్ళకి ఈ లెక్క మరీ అవసరం. తిరుమలలాగే లేహ్‌కీ ముఖ్యంగా రెండు దారులు. మనాలి దారిలో మనాలి 2,050 మీటర్లు, అక్కడి నుంచి కీలాంగ్ లేదా జిస్పా, ఆ తర్వాత చాలామంది రాత్రి ఆగేది సర్చూలో, అది సుమారు 4,290 మీటర్లు. అంటే మనాలిలో పడుకున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో రెండు కిలోమీటర్లకి పైగా ఎత్తుకి వెళ్ళి పడుకుంటున్నాడు. సర్చూ టెంట్లలో రాత్రంతా తల పట్టుకుని వాంతులు చేసుకునేవాళ్ళు అందుకే కనిపిస్తారు. శ్రీనగర్ దారిలో సోనామార్గ్ 2,700, ద్రాస్ 3,280, కార్గిల్ 2,676, దారిలో అన్నిటికంటే ఎత్తైన ఫోటు లా 4,108, కానీ అక్కడ ఎవరూ పడుకోరు, దాటి లేహ్‌లో 3,500 దగ్గర పడుకుంటారు. శరీరానికి మెట్లు మెట్లుగా అలవాటవుతుంది. శ్రీనగర్ మీదుగా వెళ్ళి మనాలి మీదుగా తిరిగి రండి, ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. విమానంలో అయితే హైదరాబాద్‌లో టిఫిన్ చేసి మధ్యాహ్నానికి లేహ్‌లో ఉంటాం, అలాంటప్పుడు మొదటి రెండు రోజులూ హోటల్ దాటి ఏ కనుమకీ పోకూడదు, 5,359 మీటర్ల ఖర్దుంగ్ లాకి అసలే పోకూడదు.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అక్కడే ఆగాలి, తగ్గేదాకా పైకి వద్దు. మనిషి తూలుతూ నడుస్తున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా పొద్దు పొడిచేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి. ఎత్తుకి అలవాటు పడడానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి స్నేహితుల మాట వినకుండా డాక్టర్‌నే అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఈ విషయం ముందే చెప్పాలి.

నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆ వార్త విన్న మనకి గుర్తున్నది ఆ వయసే. ఆ అమ్మాయి మొదట తాళ్ళు పట్టుకుని ఎక్కింది భువనగిరి కోట బండ మీద, ఆ తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్, అప్పుడు టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్. ఆ వరస నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మొదటి మెట్టు మన హైదరాబాద్ నుంచి గంటన్నర ప్రయాణం.

నది దగ్గర

కొండ మీద చాలా చోట్ల వెనక్కి తిరగొచ్చు. నదిలో పడవ వదిలాక వెనక్కి లేదు, నీళ్ళు ఎటు తీసుకెళ్తే అటే. అందుకే నదీ ప్రయాణంలో వెనక్కి తిరిగే చోటు అంటే ఒడ్డుకి చేరగలిగే చోటు. రెండు పక్కలా కొండ గోడలున్న చోట ఆ చోట్లు తక్కువ, సరిగ్గా అలాంటి చోటే మన పాపికొండలు.

2019 సెప్టెంబరు 15న అక్కడే, గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయింది, దాదాపు యాభై మంది పోయారు. ఆ పడవని కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి తీయగలిగింది, అంత లోతు అక్కడ. ఆ రోజు గోదావరిలో నీరు సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 11.75 అడుగుల మట్టానికి, అంటే 10 లక్షల క్యూసెక్కులకి. అంటే హెచ్చరిక అంకెలో సగమే ఉంది నీరు. మరి ఎలా?

క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల చిల్లర. 5 లక్షల క్యూసెక్కులంటే ప్రతి సెకనుకీ కోటీ నలభై లక్షల లీటర్లు. రాజమండ్రి దగ్గర రైలు వంతెన మీద వెళ్తుంటే గోదావరి దాటడానికి 2.7 కిలోమీటర్లు పడుతుంది, అంత వెడల్పులో పరుచుకుంటే ఆ నీరు నిండుగా, నిదానంగా కనిపిస్తుంది. పాపికొండల మధ్య కొండలు రెండూ దగ్గరికొచ్చి ఆ నీటినంతా కొన్ని వందల మీటర్ల సందులోంచి తోస్తాయి. వెడల్పు తగ్గితే లోతైనా పెరగాలి, వేగమైనా పెరగాలి, అక్కడ రెండూ పెరుగుతాయి. దానికి తోడు మలుపు, మలుపులో సుడులు. అక్కడివాళ్ళు కచ్చులూరు మందం అని పేరు పెట్టి మరీ చెప్పుకునే చోటు అది. ధవళేశ్వరం అంకె గోదావరి జిల్లాల ఊళ్ళు మునుగుతాయా లేదా చెప్పడానికి పెట్టింది, పడవ ప్రయాణానికి పెట్టింది కాదు. అందుకే వరద హెచ్చరిక లేదంటే నది మామూలుగా ఉందని అనుకోవద్దు. పాపికొండలు చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి, నీళ్ళు తేరుకుని ఆకుపచ్చగా ఉంటాయి, చలికి పొద్దున్నే నది మీద పొగమంచు లేస్తుంటే ఆ అందమే వేరు. గండి పోచమ్మ దగ్గర పడవెక్కిన వెంటనే లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్ పెట్టుకోండి, సీటు కింద పెట్టుకుంటే ఎందుకూ పనికిరాదు.

ఇంకో నది గురించి చెప్పాలి, రాయడానికి చెయ్యి రాకపోయినా. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండి దగ్గర బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్ళు ఈతకి దిగలేదు, రాఫ్టింగ్‌కి వెళ్ళలేదు, నది మధ్య రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. వాన పడి కాదు, అలా వదిలినందుకే నీళ్ళు వచ్చాయి. వాగుకి పైన ఎక్కడో వాన పడితే చాలు అన్నాను కదా, డ్యామ్ ఉన్న నదికి అది కూడా అక్కర్లేదు, గేటు ఎత్తితే చాలు. ఏ నది దగ్గరికి వెళ్ళినా ముందు మ్యాపులో దాని పైభాగానికి వేలు జరుపుతూ పోండి, డ్యామ్ కనిపిస్తే ఆ నది ఒడ్డునే ఉండండి, మధ్య రాళ్ళ మీదికి ఎవరినీ పోనివ్వకండి. ఎండిన రాళ్ళ మీద తడి గీత ఎంత ఎత్తులో ఉందో చూస్తే నీళ్ళు ఎంత దాకా వస్తాయో అర్థమవుతుంది.

రాఫ్టింగ్‌లోనూ ఇదే. మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలికా, కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నది, రెండూ డ్యామ్ వదిలే నీటి మీద నడిచేవే, నీళ్ళు వదిలే వేళ బట్టే రాఫ్టింగ్ ఉంటుంది. రిషికేశ్‌లో గంగ మీద వానాకాలంలో ఆపేస్తారు. నదిలో నీళ్ళు రాళ్ళ మధ్య ఉరకలేసే చోట్లని ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడులుగా చెప్తారు, ఆరు అంటే దాదాపు అసాధ్యం, మొదటిసారికి రెండు, మూడు చాలు. కానీ ఆ గ్రేడు నీటి మట్టంతో మారిపోతుంది, డిసెంబరులో మూడుగా ఉన్నది వరదలో నాలుగో ఐదో అయిపోతుంది, కాబట్టి గ్రేడు అడిగినప్పుడు "ఇవాళ్టి నీళ్ళలో" అని కలిపి అడగండి.

అనుమతులు, జంతువులు, నిప్పు

నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం, అటు అమ్రాబాద్, ఇటు నాగార్జునసాగర్ శ్రీశైలం. అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. సలేశ్వరం చైత్ర పౌర్ణమి జాతరకి ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు, శేషాచలంలో తుంబురు తీర్థానికి ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి వెళ్ళనిస్తారు. ఎవరో రీల్ పెట్టారని మిగతా రోజుల్లో దొడ్డిదారిన పోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాట మీదే ఆరేళ్ళ పాపని చిరుత ఎత్తుకెళ్ళి చంపేసింది. లక్షలమంది నడిచే దారి అది, లైట్లున్న దారి, అయినా అడవి అడవే. పిల్లల్ని ముందుకి పరిగెత్తనివ్వకుండా మధ్యలో పెట్టుకుని నడవండి, చీకటి పడే వేళకి దారిలో ఉండకుండా చూసుకోండి.

ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవుల్లో గడ్డి ఎండి నిప్పు రాజుకుంటుంది. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో ట్రెక్‌కి వెళ్ళినవాళ్ళని కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా బలి తీసుకుంది. నిప్పు ఎగువకి వేగంగా పాకుతుంది, ఏటవాలు మీద మనిషి దాన్ని దాటి పరిగెత్తలేడు. ఎండాకాలం గడ్డి కొండల్ని నేను నా జాబితాలోంచే తీసేశాను.

ఇవన్నీ చూసుకున్నాక, బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో చూడండి. లెక్కలన్నీ ఆ మనిషి నడకతోనే వేయాలి, ఆ మనిషిని ముందు నడిపించాలి. మా పిన్ని ఆ రోజు చివరికి పైకి చేరింది, మూడు గంటలు పట్టింది, మరుసటేడు అలిపిరి నుంచి ఎక్కించాం, గాలిగోపురం దాటాక ఆవిడే మా కంటే ముందు నడిచింది.

బయల్దేరే ముందు రాత్రి ఒక కాగితం రాసి మా అక్కకి ఇస్తాను, ఫోన్లో ఫొటో కూడా పంపిస్తాను. ఏ దారి, ఎక్కడ మొదలు, ఎక్కడ పడుకుంటాం, ఎంతమందిమి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు నంబరు, ఎమర్జెన్సీ నంబరు 112, సిగ్నల్ ఉండే ఆఖరి ఊరు ఏది, ఎన్నింటికి ఫోన్ చేస్తాం. అహోబిలం వెళ్ళిన రోజు సాయంత్రం ఐదింటికి అని రాశాను. వాగు దాటి, బట్టలు పిండుకుని, ఎగువ అహోబిలంలో సిగ్నల్ అందేసరికి నాలుగూ నలభై అయింది. అక్క ఒకే రింగుకి ఎత్తింది.